బియ్యం డబ్బాలో సగం చాక్లెట్

ఆదివారం ఉదయం పదీ ఇరవైకి మా బావ బియ్యం డబ్బాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చాక్లెట్ పొట్లం బయటికి తీశాడు. దానికంటిన తవుడు లుంగీతో తుడిచి, మంచం మీద కూర్చున్న అక్క ముందు స్టూలు మీద పెట్టాడు. డబ్బా మూత మాత్రం చేతిలోనే ఉంచుకుని గడప దగ్గర నిలబడ్డాడు.

మిర్యాలగూడలో అక్కావాళ్లింట్లో చాక్లెట్ బియ్యంలోనే ఉండేది. ఫ్రిజ్‌లో పెడితే పైన తెల్లగా పొర కడుతుందని, చేపల కూర వాసన పడుతుందని అక్క పెట్టనిచ్చేది కాదు. బయట ఉంచితే మెత్తబడుతుంది. బియ్యం నడుమ కొంత చల్లగా ఉంటుంది.

అక్క కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. నేను కోదాడలో లైబ్రేరియన్‌ని. ఫ్రాన్స్ చాక్లెట్లు తెప్పించి రుచి చూడటం మా ఇద్దరికీ కొన్నేళ్ల అలవాటు. చలికాలంలోనే ఆర్డరు పెట్టేవాళ్లం, దారిలో కరగకుండా. ముందు మెరుపు చూడాలి. చెవి దగ్గర పెట్టుకుని విరిస్తే టక్కుమనాలి. తర్వాత వాసన. ఆ తర్వాత ముక్కను నాలుక మీద ఉంచి, నమలకుండా కరగనివ్వాలి. మొదట తగిలే రుచి, నడుమ వచ్చేది, మింగాక మిగిలేది వేరువేరుగా చెప్పాలి. బావ రైస్ మిల్లుకు వడ్లు కొనే పనిలో ఉన్నాడు. గింజను పంటి కింద కొరికి తేమ ఎంతుందో చెప్తాడు. మమ్మల్ని చూసి నవ్వేవాడు. "లారెడు వడ్లు నేను గడియల తేలుస్త. గోరంత ముక్కకు మీకు పొద్దుగూకుతది" అనేవాడు.

ఆ ఆదివారం ఆయన నవ్వలేదు. అక్కకు గొంతు క్యాన్సర్. రేడియేషన్ అయిపోయాక నాలుకకు రుచి, ముక్కుకు వాసన తెలియకుండా పోయాయి. నాలుగు ముద్దలు తిని కంచం పక్కకు జరిపేది. మనిషి తగ్గిపోతోంది. తిండి ఇలాగే ఉంటే కడుపులోకి పైపు వేయక తప్పదని సూర్యాపేట డాక్టరు చెప్పాడు. రుచి తిరిగి వస్తున్నట్టుంటే కొన్నాళ్లు ఆగి చూడొచ్చని కూడా అన్నాడు. మళ్లీ చూపించాల్సింది సోమవారం. అక్కకు ఆ పైపు ఇష్టం లేదు. తనకు రుచి తెలుస్తోందని, మా ఇద్దరి ముందు చాక్లెట్ తిని చెప్తానని ఆమే అంది. సరిగ్గా చెప్తే పైపు మాట ఎత్తొద్దంది. బావ ఒప్పుకుని నాకు ఫోన్ చేశాడు. నేను పొద్దున్నే బస్సెక్కి వచ్చాను.

పొట్లంలో ఉన్నది సగం బార్. మడగాస్కర్ గింజలతో ఫ్రాన్స్‌లో చేసింది. ఆస్పత్రికి వెళ్లే ముందు మేమిద్దరం సగం తిన్నాక, మిగిలింది ఆమే రేకులో చుట్టి దాచింది.

అక్క ముక్కను కిటికీ వెలుగులో తిప్పి చూసింది. చెవి దగ్గర విరిచింది. నోట్లో ఉమ్మి ఊరడం లేదు కనుక ముందు రెండు గుక్కల వేడినీళ్లు తాగింది. ముక్క నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. బావ చేతిలో మూత తిరుగుతూనే ఉంది. రుచి తెలిస్తే ఇంతసేపు పట్టదని నాకు తెలుసు.

"ముందు పులుపు. రేగుపండు పులుపు" అంది అక్క, కళ్లు తెరవకుండానే. "నడుమ బెల్లం పాకం. ఎన్కకు జర వగరు."

మూత తిరగడం ఆగింది. ఇక పైపు వద్దు కదా అని అక్క అడిగితే బావ తలూపాడు. అన్నం మెత్తగా వండుతానని, వద్దనకుండా తినాలని చెప్పి వంటింట్లోకి వెళ్లాడు.

అప్పుడు వాసన చూడకుండానే నా ముక్క నోట్లో పెట్టుకున్నాను. కరగడం మొదలవగానే వెల్లుల్లి ఘాటు ముక్కులోకి ఎక్కింది. పులుపు లేదు, బెల్లం లేదు. వెల్లుల్లి ఒక్కటే. బియ్యానికి పురుగు పట్టకుండా అక్క ఎండుమిరపకాయలు వేసేది. వంటిల్లు తన చేతికి వచ్చాక బావ, మిల్లులో ఎవరో చెప్పారని, వెల్లుల్లి రెబ్బలు వేశాడు. రేకు ఒకసారి విప్పిన చాక్లెట్ పక్కనున్న ప్రతి వాసననూ పట్టుకుంటుంది. రేగుపండు, బెల్లం, వగరు అన్నవి ఆస్పత్రికి ముందు ఇదే బార్ తిన్నప్పుడు ఆమె చెప్పిన మాటలు.

అక్క నా ముఖమే చూస్తోంది.

"ఏమైంది తమ్మీ?"

మంచిగానే ఉందన్నాను.

"నీకు అబద్ధం రాదురా. ఏం వాసనొస్తున్నది?"

"ఎల్లిగడ్డ."

వంటింట్లో బావ బియ్యం కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. బావకు చెప్పొద్దంటుందనుకున్నాను.

"నాకు మైనం లెక్క ఉన్నది" అంది. తర్వాత వంటింటి వైపు తిరిగి పిలిచింది. "గిటు రాండ్రి. మీరు ఎల్లిగడ్డ చాక్లెట్ చేసిన్రంట. నాకే తెల్వలే. రేపు పైపు ఏపిద్దాం."

బావ తడిచేతులతో వచ్చాడు. ఒక ముక్క తీసి వడ్ల గింజలాగే ముందరి పళ్లతో కొరికాడు. మంచం అంచు మీద కూర్చున్నాడు.

పైపు సూర్యాపేటలో వేశారు. ఆ తర్వాత వీలైన ఆదివారాల్లో కొత్త బార్ తీసుకుని వెళ్లేవాడిని. ఆమె చెవి దగ్గర విరిచేవాడిని. తినేది నేను, రుచి పైకి చెప్పేది నేను. "ఆగు, తొందర పడకు. నడుమ ఏమున్నది చెప్పు" అనేది. నేను చెప్పింది నచ్చకపోతే ఇంకో ముక్క తినమనేది. వానాకాలం దాకా అలా సాగింది. ఆ వానల్లోనే అక్క పోయింది.

కోదాడలో ఇప్పటికీ చలికాలం ఒకటో రెండో తెప్పిస్తాను. చెవి దగ్గర విరుస్తాను, కరిగేదాకా ఆగుతాను. రుచి పైకి చెప్పడం లేదు.