అంజన్ గడ్డి చల్లిన వైనం

సింహాద్రిపురం వైపు గడ్డి మాట ఎత్తితే నన్ను చూసి నవ్వేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల తప్పేం లేదు. అంతటి ఘనకార్యం చేసింది నేనే.

అప్పట్లో నేను ముద్దనూరులో సైన్సు పంతులుని. చీనీచెట్లు, అదే బత్తాయి తోట, ఎండిపోయి సింహాద్రిపురం దగ్గరి మా చేను కాల్చిన ఇటుకలా గట్టిపడింది. ఆ ఏడూ మేత దొరక్కపోతే ఉన్న రెండు ఆవుల్నీ అమ్ముకోవాల్సిందే. అంజన్ గడ్డి ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి బతుకుతుందనీ, ఎండుమేత ఇస్తుందనీ, వేళ్లతో నేలను గుల్ల చేస్తుందనీ ఎక్కడో చదివి విత్తనాలు తెచ్చాను.

"దూది మాదిరి తేలిగ్గుంటాయి సార్. తడి ఇసకలో కలిపి చల్లండి," అన్నాడు అంగడాయన.

సైన్సు పంతులికే పాఠమా! ఆషాఢం గాలిలో నిలబడి, పెళ్లిలో అక్షింతలు వేసినంత దర్జాగా ఉత్తవే చల్లాను. చేయి విదిలించగానే విత్తనాలు మాయం. నేల ఎంత ఆబగా మింగేసిందో అని మురిసిపోయాను.

వానలు పడ్డాయి. నా చేలో ఒక్క పోచ మొలవలేదు. రెండు నెలలకు పక్కచేను ఓబులేసు మామ వచ్చాడు.

"అల్లుడా, బీడు పెట్టిన నా చేన్లో ఏందో గడ్డి శానా మొలుస్తాండాది. సదువుకున్నోడివి, రొంత చూడు."

కళ్లజోడు సర్దుకుని చూశాను. "కలుపు మామా! వేళ్లతో సహా పెరికెయ్. ఇడిస్తే నా చేన్లోకీ వస్తాది!"

అంతటితో ఆగానా? పంచె ఎగగట్టి రెండు రోజులు నేనూ పెరికాను. రెండో రోజు సద్ది తెచ్చిన మా ఆవిడ మేరీ, గట్టుమీది కుప్ప చూసి ఆగిపోయింది.

"ఈ గడ్డి యాడిది?"

"మామ చేన్లో కలుపు. నేనే కనిపెట్టినా."

"ఇత్తనాల సంచి మీద బొమ్మ ఇదే గదా! మీరు చల్లిన పొద్దు గాలి ఎటు తోల్తాండె?"

నేను మామ చేను వైపు చూశాను. మామ నవ్వి నవ్వి గట్టుమీద కూలబడ్డాడు. "నీ పంట నువ్వే పెరికి, నాకు సాయం చేస్తాండావా!"

మేరీ మాత్రం నవ్వలేదు. "వేళ్లింకా పచ్చిగనే ఉండాయి. మన చేన్లో నాటుదాం, వంగండి."

సన్నటి తుంపరలో పిలకలు విడదీసి, ముగ్గురం సాయంత్రం దాకా నాటాం. చాలావరకు బతికాయి. మరుసటి వేసవి ఆవులు ఎండుగడ్డి నములుతూ మా కొట్టంలోనే ఉన్నాయి. పలుగు దిగని నేల ఇప్పుడు కాలికి మెత్తగా తగులుతుంది.

కంఠంలో ప్రాణం ఉండగా ఇకమీదట ఎవరికీ సేద్యం సలహా చెప్పనని మామ ఎదుట చేయెత్తి ప్రమాణం చేశాను.

మామ కంగారు పడిపోయాడు. "అట్లనొద్దు అల్లుడా! నువ్వు చెప్పకపోతే, ఏం చేయగూడదో నాకెట్ల తెలుస్తాది?"