గద్దకు చత్వారం

మా పై వాటాలో ఉండే గద్దకూ, చొక్కాల ఫ్యాక్టరీ ఆరోగ్య గదిలో పనిచేసే ఆయాకూ ఏదో నడుస్తోందని మా వీధిలో మూడు వారాలపాటు గట్టిగా చెప్పుకున్నారు. చెప్పుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి అసలు సంగతి రాసే బాధ్యత కూడా నా మీదే పడింది.

గద్ద అంటే మనిషే. యాభై మూడేళ్ళవాడు. ఫ్యాక్టరీలో చివరి బల్ల దగ్గర కూర్చుని, కుట్టడం పూర్తయిన చొక్కాలను చూసి పాస్ చేసే పని ఇరవై రెండేళ్ళుగా అతనిది. కుట్టు ఒక్కటి తప్పినా, కాజా పక్కకు జరిగినా, కాలరు ఒక చెవి పైకీ ఒక చెవి కిందికీ ఉన్నా పట్టేసి చొక్కాను వెనక్కి విసిరేవాడు. అందుకే ఆ పేరు. అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినబడదు. కోపమొస్తే పెళ్ళాం కూడా "ఏమండీ గద్దగారూ" అనే పిలుస్తుంది. ఆ పేరన్నా, ఆ బల్లన్నా అతనికి ప్రాణం. దారినపోయేవాణ్ణి ఆపి "బొత్తాం వదులైంది చూసుకో" అని చెప్పి, వాడు పొట్ట తడుముకుంటుంటే మురిసిపోయే రకం.

ఈ మధ్య ఆ ఫ్యాక్టరీకి ఆరోగ్యం పట్టుకుంది. ఉద్యోగుల ఆరోగ్యమే కంపెనీ ఆరోగ్యమని పైవాళ్ళెవరో అన్నారట. అంతే, పొద్దున్నే మిషన్లు తిప్పేముందు పావుగంట సేపు చేతులు పైకీ కిందికీ. చేయించేది సూపర్‌వైజరు. ఆయన వంగితే పొట్ట అడ్డం, లేస్తే ఆయాసం. బుధవారం నవ్వుల వ్యాయామం. అయిదు నిమిషాలు అందరూ కలిసి నవ్వాలి, నవ్వనివాళ్ళ పేర్లు రాసుకుంటారు. ఆ భయానికి కుట్టు సెక్షన్ ఆడవాళ్ళు పెట్టిన నవ్వు విని, లోపల ఏదో ప్రమాదం జరిగిందని వాచ్‌మన్ నీళ్ళ బకెట్‌తో పరిగెత్తుకొచ్చాడట. క్యాంటీన్ గోడలకు పళ్ళ బొమ్మలు అంటించారు. పళ్ళు మాత్రం పెట్టలేదు.

వీటన్నిటితోపాటు ఒక ఆరోగ్య గది తెరిచారు. అందులో ఒక నర్సు, ఒక బరువు మిషను, ఒక ఆయా. నెలాఖరున డాక్టరు వచ్చి అందరికీ బీపీ, షుగరు, కళ్ళు పరీక్ష చేస్తాడని నోటీసు అంటించారు. చూపు సరిగా లేనివాళ్ళను తగిన పనికి మారుస్తామని దాని కింద చిన్న అక్షరాల్లో ఉంది. తగిన పని అంటే మడత బల్ల. పాస్ అయిన చొక్కాలను అట్టముక్క పెట్టి మడిచే పని. గద్ద ఆ చిన్న అక్షరాలు చదవలేదు. పక్కవాళ్ళు పైకి చదువుతుంటే విన్నాడు.

ఆ తరవాత నాలుగు రోజులకు అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసే మా ఎదురింటావిడ గుమ్మంలోకి కూడా రాకుండానే మొదలుపెట్టింది.

"పిన్నిగారూ, నా కళ్ళతో చూశాను. షిఫ్టయ్యాక ఆరోగ్య గదిలో ఇద్దరూ తలకాయలు ఆనించుకుని కూర్చున్నారు. ఆవిడ ఒక మాట అంటుంది, ఈయన అదే మాట తిరిగి అంటాడు."

"ఏం మాటే?"

"'పడవ మెల్లగా కదిలింది' అన్నాడు."

"అని?"

"అని కళ్ళు మూసుకున్నాడు."

కళ్ళు మూసుకున్నాడంటే పడవ చాలా దూరం వెళ్ళిపోయినట్టే అన్నాను నేను. సాయంత్రానికి ఆ మాట వీధి చివరి ఇస్త్రీ బండి దాకా వెళ్ళింది. పొద్దుటికి గద్ద పెళ్ళాం చెవిలోనూ పడింది. కొంగు నడుముకు చుట్టుకుని నేరుగా నా వంటింట్లోకి వచ్చింది.

"అత్తయ్యా, ఇరవై ఆరేళ్ళ కాపురంలో నాతో మబ్బు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు ఈ మనిషి. గొడుగు పట్టుకెళ్ళండి అంటే 'ఎందుకూ' అంటాడు. ఇప్పుడేమో గడ్డం గీసుకుంటూ 'ఆకాశంలో మబ్బులు కమ్మాయి, చల్లని గాలి వీస్తోంది' అంటున్నాడు. బయట ఎండ మండిపోతుంటేనూ!"

"ఇంకేమన్నాడు?"

"'పాప ఒడ్డున నిలబడి చెయ్యి ఊపింది' అన్నాడు. ఎవరా పాప?"

నాకూ తెలియలేదు. తెలియని సంగతి ఒకటి పెట్టుకుని నేను నిద్రపోలేను. పరీక్షలు కుటుంబ సభ్యులకు కూడా ఉచితమని నోటీసులో ఉందట కదా, పద వెళ్దాం, ఆ ఆయా మొహమేదో చూసొద్దాం అన్నాను. గద్దకు సొంత పిన్నినని చెప్పి నేనూ పేరు రాయించుకున్నాను.

తీరా చూస్తే ఆయాకు అరవై దగ్గర పడ్డాయి. ముందు పళ్ళు రెండు లేవు. బడిపంతులు గొంతు. వరసలో నిలబడ్డవాళ్ళను "ఏయ్, చెప్పులు బయట!" అని అదిలిస్తోంది. గద్ద పెళ్ళాం ఆవిణ్ణి పైనుంచి కిందికి చూసి, ఊరట పడాలో అవమానపడాలో తేల్చుకోలేక, "ఈవిడకా అత్తయ్యా మబ్బులూ, చల్లగాలీ!" అంది.

మా వంతు రావడానికి గంట పట్టింది. బరువు చూశారు, టేపుతో నడుం కొలిచారు, నర్సు తలా ఒక కాగితం చేతిలో పెట్టింది. గద్ద మాకంటే ముందున్నాడు. మమ్మల్ని చూసి ఉలిక్కిపడ్డాడు. అప్పటికే లోపలికి పిలిచారు. తలుపు తీసే ఉంది కాబట్టి నేను ఎవరినీ తోసుకోకుండానే అంతా చూశాను.

"చదవండి," అన్నాడు డాక్టరు.

గద్ద చేతిలో కాగితాన్ని ముక్కుకు జానెడు దూరంలో పట్టుకుని, గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు. "ఆకాశంలో మబ్బులు కమ్మాయి. చల్లని గాలి వీస్తోంది. పడవ మెల్లగా కదిలింది…" అక్కడ ఆగాడు. మూలన నిలబడ్డ ఆయా పెదాలు కదిపింది. "ఆఁ, పాప ఒడ్డున నిలబడి చెయ్యి ఊపింది."

డాక్టరు పొట్టిగా, ఓపికగా ఉన్న మనిషి. "చాలా బాగా చదివారు," అన్నాడు. "కానీ అది ఉప్పు తగ్గించమని బయట పంచిన కాగితం. చదవాల్సిన కార్డు ఇంకా నా దగ్గరే ఉంది."

వరసలో ఉన్న ఆడవాళ్ళు నవ్వారు చూడండీ, అది బుధవారం నవ్వు కాదు. ఆయా చీపురు తీసుకుని, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది. అప్పటికి మాకు అర్థమైంది. ఆరోగ్య గదిలో ముందే తెచ్చిపెట్టిన కార్డు మీది నాలుగు వరసలూ ఆవిడ రోజూ చదివి వినిపిస్తుంటే ఈయన బట్టీ పట్టాడన్నమాట. కార్డు ఎలా ఉంటుందో మాత్రం ఇద్దరిలో ఒక్కరే చూశారు.

పెళ్ళాం లోపలికి దూసుకెళ్ళింది. "కళ్ళు కనబడకపోతే నాకో మాట చెప్పొచ్చుగా!"

"నీకు చెబితే పిన్నికి చెబుతావు," అన్నాడు గద్ద తల వంచుకుని. "పిన్నికి తెలిస్తే ఇంక మైకు దేనికి?"

అందులో అబద్ధం లేదు కాబట్టి నేను నా ఉప్పు కాగితం చదువుకోవడం మొదలుపెట్టాను.

పక్కనే పేర్లు రాసుకుంటున్న సూపర్‌వైజరు మొహం మాడిపోయింది. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

"మూడేళ్ళవుతుంది సార్."

"మూడేళ్ళు! అంటే నువ్వు పాస్ చేసిన చొక్కాలన్నీ…" మాట పూర్తి చేయకుండానే వెళ్ళి, కొన్నవాళ్ళు తప్పులున్నాయని తిప్పి పంపిన చొక్కాల రిజిస్టరు పట్టుకొచ్చాడు. చివరి బల్లలు మూడున్నాయి. వేలు పెట్టి వరసగా చూసుకుంటూ పోయాడు. అన్నిటికంటే తక్కువ తిరిగొచ్చినవి గద్ద బల్లవే. రెండోసారి చూశాడు. అవే.

"ఇది చత్వారమేనండీ, నాకూ ఉంది," అని డాక్టరు తన కళ్ళజోడు తీసి చూపించాడు. "జోడు పెట్టుకుంటే సరిపోతుంది. దీనికోసం మనిషిని బల్ల మార్చడం దేనికి?"

జోడు కంపెనీయే ఇచ్చింది. వారం రోజులు చూస్తానన్నాడు సూపర్‌వైజరు. ఆ వారంలో గద్ద ఎన్ని చొక్కాలు వెనక్కి విసిరాడంటే, కుట్టు సెక్షన్ వాళ్ళు నలుగురు నర్సు దగ్గరికి వెళ్ళి, "అమ్మా, ఆ జోడు మీద మీ బరువు మిషను పడేయండి, పుణ్యముంటుంది" అని బతిమాలారట. శనివారం సాయంత్రం సూపర్‌వైజరు వచ్చి, బల్ల మీద దీపం మార్పిస్తానని చెప్పి వెళ్ళాడు. అంటే బల్ల అతనిదే.

అంతా సుఖంగా ముగిసిందనుకుని అందరూ మరో సంగతిలో పడ్డారు. నాకు మాత్రం ఆ రిజిస్టరు మింగుడు పడలేదు. ఆదివారం మేడ మీద బట్టలు ఆరేస్తుంటే దొరికాడు. మెట్లకు అడ్డంగా నిలబడి నిలదీశాను.

"ఒరే, దగ్గరి వస్తువు కనబడని మనిషివి మూడేళ్ళపాటు చొక్కాల్లో తప్పులు ఎలా పట్టుకున్నావురా? నిజం చెప్పు. ఎవరితోనూ అనను."

చివరి మాట నమ్మలేదని నాకు తెలుసు. అయినా జోడు నుదుటి మీదికి తోసుకుని చెప్పాడు.

"చొక్కాలు కనబడలేదు గానీ మనుషులు కనబడుతూనే ఉన్నారు కదా పిన్నీ. బాగా కుట్టినావిడ కట్ట నా బల్ల మీద పడేసి వెనక్కి చూడకుండా పోతుంది. ఎక్కడో తేడా చేసినావిడ మంచినీళ్ళకని లేచి, నా చుట్టూ రెండుసార్లు తిరిగి, 'అన్నయ్యా, భోంచేశావా' అని అడుగుతుంది. అలా అడిగినవాళ్ళందరి కట్టలూ తిప్పి పంపేశాను. అందులో ఒకావిడ నిజంగానే నా భోజనం గురించి అడిగి ఉంటుంది, పాపం. ఆవిడ కట్ట కూడా వెనక్కి పోయింది."