కొత్త టైర్లతో కొల్లేటికోట

నిరుడు మా వారు ఏలూరులో బండికి రెండు కొత్త టైర్లు వేయించారు. బిగించిన మెకానిక్ మా ఇద్దరికీ మరీ మరీ చెప్పాడు. "కొత్త టైరు పైన నున్నగా ఉంటుందండి. రోడ్డు మీద కాస్త అరిగేదాకా పట్టు ఉండదు. కొన్నాళ్లు నెమ్మదిగా వెళ్లండి, మలుపుల్లో బండి వంచకండి."

మర్నాడే కొల్లేటికోటలో మా ఆడపడుచు ఇంటికి బయలుదేరాం. చెరువు గట్ల మీద రోడ్డు చేపల లారీల నుంచి కారిన ఐసు నీళ్లతో తడిగా ఉంది. "కాస్త నెమ్మదండీ, ఆ అబ్బాయి చెప్పాడు కదా" అన్నాను. "బండి నడపడం నువ్వు నేర్పాలా నాకు" అన్నారాయన. అంతలోనే మలుపు వచ్చింది. ఆయన ఎప్పటిలాగే బండిని ఓ పక్కకి వంచారు. వెనక టైరు జర్రున జారింది. నేను మోచేతి మీద పడ్డాను. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది.

చెరువుల దగ్గర పనిచేసేవాళ్లు పరుగెత్తుకొచ్చి లేపారు. "ఏమైందండీ?" అని అడిగారు. ఆయన ప్యాంటు దులుపుకుంటూ, "ఈవిడ వెనకాల కదిలిందండి" అన్నారు. డాక్టరుకీ అదే చెప్పారు. ఆడపడుచు ఆసుపత్రికి వచ్చి, "బండి మీద కుదురుగా కూర్చోవాలి కదా వదినా" అంది. నొప్పికంటే ఆ మాటే ఎక్కువ మండింది.

ఆ నెలంతా చేతికి కట్టుతో వరండాలో కూర్చునేదాన్ని. ఆయన ఆఫీసుకి వెళ్తూ మా వీధి మలుపులో బండిని దాదాపు ఆపేసి, నిటారుగా, మెల్లగా తిప్పేవారు. అప్పుడు వెనకాల నేను లేను.