రూలు లేని డబ్బా

నా చిన్నప్పుడు, ఎనిమిదో తరగతిలో ఉండగా, మేము దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాబా ఇంటి కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. పై వాటాలో ఇంటిగలవాళ్ళు ఉండేవారు. వాళ్ళది నల్గొండ దగ్గర పల్లె, మాది తెనాలి వైపు. వాళ్ళమ్మాయిని నేను అక్కా అని పిలిచేదాన్ని. అక్క డిగ్రీ పూర్తిచేసి, మెయిన్ రోడ్డు మీద ఒక ఇన్‌స్టిట్యూట్‌లో వెబ్ పేజీలు తయారుచేసే కోర్సు నేర్చుకుంటోంది. నేర్చుకున్నది ఎవరికో ఒకరికి అప్పజెప్పకపోతే ఆమెకు అన్నం సహించదు. వినే ఓపిక ఇంట్లో ఎవరికీ లేక ఆ పాఠాలన్నీ నా నెత్తిన పడేవి.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. ఆర్టీసీ బస్సులు సమ్మెలో ఉండి డిపోలు దాటడం లేదు. ఈ రోజు ర్యాలీ, రేపు రాస్తారోకో. మా నాన్న ఆఫీసు నుంచి ఇల్లు చేరేదాకా అమ్మ గేటు దగ్గరే నిలబడేది. పై వాటా వాళ్ళు ఉద్యమంలో మనుషులు, అక్కయితే మరీను. అయినా అమ్మ పెట్టిన మాగాయ పైకి వెళ్ళేది, పైనుంచి సర్వపిండి కిందికి వచ్చేది. రాష్ట్రం సంగతి మధ్యలోకి వస్తే మాత్రం పెద్దవాళ్ళందరూ చటుక్కున వానల గురించి మాట్లాడుకునేవారు. ఎండాకాలంలో కూడా.

సమ్మె సాగుతుండగానే టీచరు ట్రైనింగ్ ప్రవేశపరీక్ష వచ్చిపడింది. కోచింగ్ కోసం ఊళ్ళ నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉంటున్న పిల్లలు మా చుట్టుపక్కల చాలామంది. సెంటర్లేమో వనస్థలిపురం వైపు పడ్డాయి. బస్సు లేదు, ఆటోవాళ్ళు అడిగినంత ఇచ్చుకునే స్తోమత వాళ్ళకు లేదు. కాలనీలో స్కూలు వ్యాన్లు నడిపేవాళ్ళు కొందరు ముందుకొచ్చి పిల్లల్ని ఊరికే దింపుతామన్నారు. ఎవరు ఎక్కడ ఎక్కుతారో, ఎవరికి ఏ సెంటరో ముందే తెలియాలి కదా, దానికోసం అక్క ఒక వెబ్ పేజీ తయారుచేసింది. మా సందు చివర నెట్ సెంటర్ నడిపే అన్న తన కంప్యూటర్లలో ఆ పేజీ తెరిచిపెట్టి, పిల్లలు వచ్చి నింపుకోవచ్చని బయట అట్టముక్క మీద రాసిపెట్టాడు.

పేజీలో పేరు, ఫోన్ నంబరు, ఎక్కే చోటు, పరీక్ష సెంటరు, ఇవే గళ్ళు. అక్క వాటిని డబ్బాలనేది. ఆమె అసలు గొప్పంతా డబ్బాల వెనక జావాస్క్రిప్ట్‌లో రాసిన రూళ్ళలో ఉంది. బటన్ నొక్కగానే ఆ రూళ్ళు ఒక్కొక్క డబ్బాను తడిమి చూస్తాయి. ఖాళీ ఉన్నా, ఫోన్ నంబరులో ఒక అంకె తగ్గినా, డబ్బా చుట్టూ ఎర్ర గీత పడుతుంది, ఫారం కదలదు. తన ఫారాన్ని మోసం చేసి చూపించమని అక్క నాకు పందెం వేసింది. ఫోన్ నంబరు దగ్గర మా స్కూలు పేరు రాశాను, తిప్పికొట్టింది. అన్నీ సున్నాలు కొట్టాను, అది ఒప్పుకుంది. అక్క ముఖం మాడిపోయింది. వెంటనే కూర్చుని, సున్నాతో మొదలయ్యే నంబరు పనికిరాదని ఇంకో రూలు రాసి, ఇక చీమ కూడా దూరదని భుజాలు ఎగరేసింది.

పందెంలో సగం గెలిచినందుకు నాకూ ఒక డబ్బా పెట్టుకోనిచ్చింది. నా జీవితంలో నేను తయారుచేసిన మొదటి డబ్బా అది. అందులో ఏం అడగాలో తెలియక, పైన ‘ఇంకేమైనా చెప్పాలా’ అని రాశాను. దానికీ ఒక రూలు రాయమంది అక్క. నాకు రాదు. సరే, అందులో ఎవరు ఏం రాస్తారులే అని నవ్వి వదిలేసింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. కాలనీ సంఘంలో తిరిగే ఒకాయన ఆ పేజీ చూసి, సొంత జిల్లా కూడా అడగమ్మా, ఎవరు మనవాళ్ళో తెలుస్తుంది అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నా చెవులు వేడెక్కాయి. అక్క తల కూడా ఎత్తలేదు.

“బండెక్కనీకి జిల్లా ఎందుకన్నా? ఏడ ఎక్కుతరు, ఏడ దిగుతరు, గంతే కావాలె.”

ఆ సంగతి ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఆ సాయంత్రం మాగాయ గిన్నె కొంచెం పెద్దది పైకి వెళ్ళింది.

పరీక్ష రోజు తెల్లవారుతూనే కబురు వచ్చింది, ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు ఉందని. అంటే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని, బండ్లు ఆపే నిరసన. ఎక్కే చోటు దగ్గర దాదాపు అందరూ రాసింది ఆ చౌరస్తానే, వ్యాన్లన్నీ బయల్దేరాల్సిందీ అక్కడి నుంచే. అప్పటికప్పుడు చోటు మార్చి, అందరినీ సరూర్‌నగర్ స్టేడియం దగ్గరికి రమ్మనాలి, లోపలి గల్లీల గుండా తీసుకెళ్ళాలి. అక్క ప్రింటు తీసిపెట్టుకున్న పేర్లు, నంబర్లు ముందు పెట్టుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. అందరూ పలికారు, ఒక్క అమ్మాయి తప్ప. ఆ నంబరుకు చేస్తే అసలు అలాంటి నంబరే లేదని రికార్డు గొంతు చెప్పింది. అక్క మళ్ళీ చేసింది. అదే గొంతు, అదే మాట.

అక్క వెంట నేనూ వెళ్ళేసరికి స్టేడియం దగ్గర వ్యాన్ల ఇంజన్లు ఆన్ చేసి ఉన్నాయి. పదింటికి సెంటరు గేటు మూసేస్తారు. ఆ అమ్మాయి ముఖం ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు, కాగితం మీద పేరూ, అందరిలాగే ఎల్బీ నగర్ అన్న మాటా తప్ప ఏమీ లేవు, అంత జనంలో ఎక్కడని వెతకడం? రాని మనిషి కోసం వచ్చినవాళ్ళను ముంచుతావా అని ఒక డ్రైవరు విసుక్కున్నాడు. అతను అన్నదీ నిజమే. అక్క మాత్రం, నా ఫారం తప్పు నంబర్ తీసుకోదు అని అదే మాట పట్టుకుని వేలాడింది. నాకు భయం వేసింది, ఎందుకంటే ఆమె గొంతులో ఏడుపు వినబడింది.

నా డబ్బా అప్పుడు గుర్తొచ్చింది. ప్రింటులో జాగా చాలక అక్క దాన్ని వదిలేసింది. అందులో రాసినవన్నీ నెట్ సెంటర్ కంప్యూటర్లోనే ఉండిపోయాయి. భయపడుతూనే ఆ మాట అన్నాను. అక్క వ్యాన్లను పొమ్మని, ఆ పిల్లను నేను తీసుకొస్తా అని చెప్పి, నన్ను స్కూటీ ఎక్కించుకుంది.

నెట్ సెంటర్ షట్టరు సగం దించి ఉంది. మేము వంగి లోపలికి దూరేసరికి కరెంటు లేదు, యూపీఎస్ కుయ్యో మొర్రో అంటోంది. ఏ నిమిషానైనా ఆగిపోతుందని అన్న చెబుతూనే కంప్యూటరు ఆన్ చేశాడు. అది తెరుచుకునేదాకా ముగ్గురం తెర మీదికే వంగి నిలబడ్డాం. నా డబ్బా దాదాపు అందరూ ఖాళీగా వదిలేశారు. ఆ అమ్మాయి పేరు పక్కన మాత్రం, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు ఉన్నాయి. అక్క పైకి చదివింది.

“నాకు ఫోన్ లేదు. పైన నంబర్ నాది కాదు. రాయకుంటే ముందటికి పోతలేదు. ఎల్బీ నగర్ల నల్గొండ బస్సులు ఆగే కాడ ఉంటా. పచ్చ చున్నీ ఏసుకుంటా. నన్ను ఇడిచిపెట్టి పోవద్దు.”

యూపీఎస్ ఆగిపోయింది. అక్క నల్లబడిన తెర వైపు ఇంకా చూస్తూనే ఉంటే, నెట్ సెంటర్ అన్న ఆమె భుజం తట్టి బయటికి పంపాడు.

ఎల్బీ నగర్ దగ్గర స్కూటీ దిగి నెట్టుకుంటూ వెళ్ళాం. ఎప్పుడూ బస్సులతో కిక్కిరిసే చౌరస్తాలో మూడేసి ఇటుకల పొయ్యిలు, వాటి మీద అన్నం వండే పెద్ద పెద్ద గంజులు, కళ్ళు మండించే పొగ, డప్పులు. ఒక పక్క పోలీసులు లాఠీలు పట్టుకుని నిలబడి ఉన్నారు. అమ్మకు తెలిస్తే నా వీపు విమానం మోతే. నోరు తెరిస్తే నా యాస బయటపడుతుందని పెదవులు బిగించుకుని అక్క చున్నీ పట్టుకున్నాను. నల్గొండ బస్సులు ఆగే చోట ఎవరూ లేరు. అక్క అటూ ఇటూ పరుగెత్తింది. చివరికి నేనే చూశాను, ఒక పొయ్యి దగ్గర ఆడవాళ్ళ మధ్య పచ్చ చున్నీ. పిలవలేదు, అక్క చెయ్యి గుంజి చూపించాను.

ఆ అమ్మాయి టమాటాలు తరుగుతోంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. బండి వెళ్ళిపోయిందనుకుని ఏడుస్తూ నిలబడితే, ఆ పొయ్యి దగ్గర పెద్దమ్మ పిలిచి, పనిలో పడితే దుఃఖం తగ్గుతుందని కత్తిపీట ముందు కూర్చోబెట్టిందట. మమ్మల్ని చూడగానే లేచి, తప్పు నంబరు రాసినందుకు తిట్టవద్దని చేతులు జోడించింది. అక్క ఆ చేతులు పట్టుకుని దించింది.

“నువ్వు తప్పు రాయలే చెల్లె. తప్పు రాసేదాక నేనే ఇడువలే.”

స్కూటీ మీద ముగ్గురం పట్టినా అంత వేగంగా వెళ్ళలేం. అక్క నన్ను ఆ పెద్దమ్మకు అప్పగించి, వచ్చేదాకా కదలొద్దంది. రోడ్డుకు అడ్డంగా ఉన్న గంజును ఆడవాళ్ళిద్దరు గుడ్డలతో పట్టుకుని, ఉడుకుతున్న అన్నంతో సహా పక్కకు జరిపారు. ఆ సందులోంచి స్కూటీ వెళ్ళిపోయింది.

నేను ఒక్కదాన్నే మిగిలాను. పెద్దమ్మ మంట ఎగదోస్తూ నావైపు తిరిగింది.

“ఏ ఊరు బిడ్డ మీది?”

మామూలుగా అడిగింది, ఎవరినైనా అడిగినట్టే. మాది తెనాలి వైపని అక్కడ ఎలా చెప్పాలి? నల్గొండ అంటే సరిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అక్క రాసిన ఎర్ర గీత నా చుట్టూ పడినట్టయింది. ఏదో ఒకటి చెప్పి బయటపడాలి, నిజమైతే మాత్రం చెప్పకూడదు. చుట్టూ డప్పులు మోగుతున్నాయి. నేను ఆమె ముఖంలోకి చూస్తూ అలాగే ఉండిపోయాను, ఏడుపు వచ్చేసేలా ఉంది.

ఆమె నన్ను కాసేపు చూసింది. ఏం అర్థమయిందో నాకు ఈనాటికీ తెలియదు.

“పోనీ తియ్యి. ఆకలైతుందా?”

తల ఊపాను. విస్తరిలో వేడి వేడి అన్నం, టమాటా పప్పు పెట్టింది. ఏడుస్తూ తిన్నాను. పొగకు కళ్ళు మండుతున్నాయేమో అని ఆమే నా మీదికి పొగ రాకుండా అడ్డంగా కూర్చుంది.

తింటున్నా మనసంతా గేటు మీదే ఉంది. మూసేశారా, తెరిచే ఉందా? అక్క తిరిగి వచ్చేసరికి నా చేతికి అంటిన పప్పు ఎండిపోయింది. స్కూటీ ఆపి, హెల్మెట్ తీయకుండానే, పోయింది లోపలికి, అంది. గేటు మూస్తున్న మనిషి కాళ్ళ మీద పడబోతే, ఆయనే రెక్క వెనక్కి లాగి పంపాడట. ఆ పెద్దమ్మ అది విని, చేతిలో ఉన్న గరిటె అలాగే ఎత్తి దండం పెట్టింది, ఎవరికో తెలియదు.

మా గేటు ముందు దిగాక అక్క ఒక మాట అంది.

“గా పిల్ల అబద్ధం చెప్పలే. నేనే చెప్పిచ్చిన.”

ఆ రాత్రి కరెంటు వచ్చాక ఫోన్ నంబరు డబ్బా ఖాళీగా ఉన్నా ఫారం కదిలేలా రూలు సడలించి, దాని కింద ఒక చిన్న వాక్యం చేర్చింది, ఫోన్ లేనివాళ్ళు ఎక్కడ కలవాలో రాయండి అని. పరీక్ష అయిపోయింది, ఆ పేజీతో ఇక ఎవరికీ పని లేదు. అయినా చేర్చింది.

ఆ అమ్మాయి టీచరయిందో లేదో నాకు తెలియదు. రాష్ట్రం వచ్చింది, మేము ఇల్లు మారాం, ఆ చౌరస్తా మీద ఇప్పుడు మెట్రో రైలు తిరుగుతోంది. నా పని కూడా ఫారాలు తయారుచేయడమే అయింది. అంకెలు, తేదీలు, చిరునామాలు, అన్నిటికీ నేనూ రూళ్ళు రాస్తాను, రాయకపోతే పని జరగదు. కానీ ప్రతి ఫారం చివరా ఒక డబ్బా వదిలేస్తాను, ‘ఇంకేమైనా చెప్పాలా’ అని. నా దగ్గర పనిచేసే పిల్లలు దానికి రూలు మరిచిపోయారు మేడమ్ అని గుర్తుచేస్తుంటారు. నవ్వి ఊరుకుంటాను. ఇంట్లో మావాడు ఏదైనా అబద్ధం చెప్పి దొరికిపోయినప్పుడు కూడా, కోపం నషాళానికి అంటినా సరే, వాడికి నిజం చెప్పే దారి నా ప్రశ్నలో ఉందా లేదా అని ముందు వెతుక్కుంటాను. చాలాసార్లు ఉండదు. అప్పుడు ఆ ప్రశ్న వెనక్కి తీసుకుని, అన్నం తిన్నావా అని అడుగుతాను.

ఆఫీసులో పొద్దున్నే నేను మొదట తెరిచేది ఆ చివరి డబ్బానే. రోజూ ఖాళీగానే ఉంటుంది. అయినా తెరుస్తాను. నన్ను ఇడిచిపెట్టి పోవద్దు అని ఎవరైనా రాసి, ఎక్కడో నిలబడి ఉంటే?