చిప్పున్న బుట్ట

నాకు రావలసిన పర్మినెంటు ఉద్యోగాన్ని మింగింది లంచమూ కాదు, రాజకీయమూ కాదు. వ్యాకరణం! నమ్మకపోతే వినండి.

రెండువేలు దాటిన కొత్తలో నేను జగ్గయ్యపేటలో చెత్తబండ్ల మీద కాంట్రాక్టు సూపర్‌వైజర్ని. బడి చదువు పదో తరగతి, మిగతా పాండిత్యమంతా గ్రంథాలయానిది. అక్కడే ఓ పత్రికలో చదివాను: పై దేశాల్లో చెత్తబుట్టకు చిప్పు అతికిస్తారట; మిషను దగ్గరికి తెస్తే కుయ్‌మని, ఏ ఇంటి బుట్టో చెప్పేస్తుందట. ఇక ఆగుతానా? కమిషనర్‌గారి చెవిలో జోరీగనయ్యాను.

ఆయన విసిగిపోయి, ఓ కంపెనీ నుంచి శాంపిలుగా ముప్పై బుట్టలూ, ఓ మిషనూ తెప్పించారు.

"ఇది పనిచేసిందా, నిన్ను పర్మినెంటు చెయ్యమని రాస్తా. పక్కనున్న నందిగామ వాళ్లకూ నిన్నే ఆదర్శంగా చూపిస్తా. లేదా, నీ లైబ్రరీ నీకే!"

అడుగున చిప్పు అతికించిన ఆ నీలం బుట్టల్ని ఒక వీధిలో పంచిపెట్టాను. పరీక్షకు ముందురోజు ఆటోకు మైకు కట్టుకుని గొంతు సవరించాను.

"రేపు పొద్దున చిప్పున్న బుట్టలే బయట పెట్టండి! చిప్పున్న బుట్టయితేనే చెత్త ఎత్తబడును!"

'చిప్పు ఉన్న' అని విడదీసి చెప్పొచ్చుగా అంటారు. మరి నేను బట్టీపట్టిన సంధులన్నీ ఎవరి కోసమండీ?

తెల్లారింది. కమిషనర్‌గారు మిషనుతో దిగారు. గుమ్మం గుమ్మానికీ ఓ పాత డబ్బానో, చిరిగిన గంపో. ప్రతిదానికీ పురికొసతో కట్టిన కొబ్బరిచిప్ప! మిషనేమో రెండోసారి గారె అడగలేని కొత్తల్లుడిలా నోరు మెదపదు.

"ఏంటండీ సుబ్బాయమ్మగారూ ఇది?" అన్నాను, మొదటి ఇంటావిడతో.

"నువ్వేగా నాయనా, చిప్పున్న బుట్టన్నావు! నీ పుణ్యమా అని ఇవాళ వీధంతా కొబ్బరి పచ్చడే."

"మేమిచ్చిన నీలం బుట్టేదండీ?"

"అంత లక్షణమైన బుట్టలో చెత్తేస్తారా ఎవరన్నా? బియ్యం పోసా."

కమిషనర్‌గారు వంటింట్లోకి నడిచి, బియ్యం బుట్టకు మిషను ఆనించారు. కుయ్! 'ఒకటో ఇల్లు, చెత్త అందింది' అని తెర మీద అక్షరాలు.

ఆయన పైకి చదవగానే సుబ్బాయమ్మగారు భగ్గుమన్నారు. "మా సన్నబియ్యం చెత్తా? దీని నోరు పడిపోను!"

చూశారా! చిప్పు, ఉన్న కలిస్తే చిప్పున్న. చిప్ప, ఉన్న కలిసినా చిప్పున్నే. ఉత్వసంధి నాది, అత్వసంధి వీధిది. చదవేస్తే ఉన్న మతి పోతుందంటారు. నాకు రాబోయే ఉద్యోగం కూడా పోయింది.

కమిషనర్‌గారు ఓ చిప్ప విప్పి నా చేతిలో పెట్టారు.

"ఇదిగోనయ్యా, నీ పర్మినెంటు ఆర్డరు."

అందుకే గ్రంథాలయం మెట్టు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: మా ఆవిడతో రోజుకు ఎన్ని సంధులైనా చేసుకుంటాను గాని, మైకు ముందు మాత్రం ఒక్కటంటే ఒక్కటి చెయ్యను.