బెల్టు ముద్ర అనుకున్న మచ్చ

ఆ రోజు చీర మడతపెడుతుంటే చేతులు నా మాట వినలేదు. నేను విజయనగరంలో ఒక బట్టల షాపులో సేల్స్‌లో పనిచేస్తాను. వచ్చినవాళ్లకి గుట్టలుగా చీరలు విప్పి చూపించడం, వాళ్లు ఏమీ కొనకుండా వెళ్లిపోతే నవ్వుమొహంతో మళ్లీ మడతపెట్టడం నాకు అలవాటైన పనే. ఆ మధ్యాహ్నం మాత్రం ఒక పట్టుచీర అంచులు కలపలేకపోయాను. కళ్ల వెనక ఎవరో బొటనవేళ్లు పెట్టి నొక్కుతున్నట్టు తలనొప్పి. ఓనరు వచ్చి నా చెయ్యి పట్టుకుని చూశాడు.

"ఏటి అప్పలరాజూ, ఒల్లు పెనంలాగ కాల్తన్నాది. ఇంటికెల్లిపో."

మా ఓనరు నోట ఇంటికెళ్లమన్న మాట రావడం విడ్డూరం. అది విన్నాకే నాకు భయం వేసింది.

ఆ జ్వరం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే మా బావ గురించి చెప్పాలి. మా అక్క కుమారిని శృంగవరపుకోటలో ఇచ్చాం. బావ పేరు సింహాచలం. బళ్లు బాగుచేసే షాపు నడిపేవాడు. ఆయనకి రాళ్లెక్కే పిచ్చి. మేం కోట అనే ఆ ఊరు దాటి లోపలికి వెళ్తే రెండు కొండల మధ్య ఇరుకు లోయ ఉంది. అడుగున గెడ్డ, అంటే కొండవాగు, పారుతుంది. దానికి అవతల నిలువునా లేచిన రాతిగోడ. ఆ గోడ ఎక్కడం బావ వయసులో ఉండగా ఎవరో ట్రైనింగు ఇస్తే నేర్చుకున్నాడు. నాకు కాస్త వయసొచ్చాక నన్నూ లాగాడు. ఒకడు ఎక్కుతుంటే ఇంకొకడు కింద నిలబడి తాడు పట్టాలి. అలా ఆయన ప్రాణం నా చేతిలో, నా ప్రాణం ఆయన చేతిలో పెట్టుకుని ఎన్నో ఆదివారాలు గడిపాం. "దేవుడు మనిసి జన్మ ఇస్తే మీరిద్దరూ కోతులైపోనారు," అని అక్క తిట్టేది. తిడుతూనే పులిహోర కట్టి ఇచ్చేది.

షాపులో ఎంత వేళాకోళం మనిషో, రాయి దగ్గర అంత కఠినం బావ. కాలు ఎత్తకముందు ఒకరి నడుం బెల్టు ఒకరు పట్టుకుని లాగి చూడాలి. బకిలు, ముడి, క్లిప్పు అన్నీ చూడాలి. చూశాక పైకి చెప్పాలి.

"సూసినావేటి?"

"సూసినాను బావా."

"కంటితోటి కాదురా, సేత్తో సూడు."

అది అయ్యేదాకా రాయి ముట్టనిచ్చేవాడు కాదు. అన్నేళ్లలో మా ఇద్దరికీ ఒక్క దెబ్బ తగల్లేదంటే అందుకే.

మాకు ఇంకో అలవాటు ఉంది. వానాకాలం రాయి పాచి పట్టి ఉంటుంది, గెడ్డ పొంగుతుంది, ఎక్కడం కుదరదు. వానలు వెనకబట్టాక మొదటిసారి ఎక్కినప్పుడు, అలవాటు తప్పిన నడుం మీద బెల్టు ఒరుసుకుని తోలు లేస్తుంది. దాన్ని మేం బెల్టు ముద్ర అంటాం. అది పడితే ఆ ఏడాది ఎక్కడం మొదలైనట్టు లెక్క. ఇద్దరం చొక్కాలెత్తి ఎవరి ముద్ర పెద్దదని పోల్చుకునేవాళ్లం. కొబ్బరినూనెలో పసుపు కలిపి రాస్తే మానిపోయేది. ఎవరూ దాన్ని జబ్బు అనుకోరు. అనుకుంటే నవ్వుతారు కూడా.

రెండేళ్ల కిందట వానలు బాగా పడ్డాయి. వెనకబట్టాయని మేం వెళ్లేసరికి గెడ్డ దాటే రాళ్లబాట కొట్టుకుపోయి ఉంది. నీళ్లు తొడల దాకా ఉన్నాయి, లాగేస్తున్నాయి. మేకలు కాస్తున్న పెద్దాయన ఒకడు, "ఇటు దిగితే కొట్టుకుపోతారు నాయనా. కొండ మీంచి సుట్టు తిరిగి ఎల్లండి," అన్నాడు. మంచి సలహానే. నీటిలో పోకుండా బతికాం. ఆ చుట్టుదారి మాత్రం దారి కాదు. నడుం ఎత్తు గడ్డి, తుప్పలు. తోసుకుంటూ దిగాం. ఎప్పుడూ కూర్చునే బండ గెడ్డలో మునిగిపోవడంతో, ఆ గడ్డిలోనే కూర్చుని పులిహోర తిన్నాం. బెల్టులు, తాడు గడ్డి మీదే పరిచాం. ఆ రోజు గాలి చల్లగా ఉంది. బావ బాగా ఎక్కాడు. అంత సంతోషంగా ఆయన్ని చూడటం అదే ఆఖరు.

పది రోజులు తిరక్కుండా నాకు జ్వరం. ఫోన్ చేస్తే బావకీ జ్వరమే.

"ఒకే తాడు కదేటిరా మనది. జొరం కూడా సగం సగం పంచేసుకున్నాం," అని నవ్వాడు.

నేను వీధి చివర క్లినిక్‌కి వెళ్లాను. "వైరల్ ఫీవర్. అందరికీ ఇదే నడుస్తోంది," అని పారాసిటమాల్ ఇచ్చారు. తగ్గలేదు. మలేరియా నెగెటివ్, డెంగీ నెగెటివ్. వైడాల్ కొంచెం పాజిటివ్ అని టైఫాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కోటలో బావకి కూడా అవే ఇంజెక్షన్లు పడుతున్నాయి. ఆయన పొద్దున్న ఇంజెక్షన్ వేయించుకుని, షాపు తీసి, బళ్లు విప్పుతూ కూర్చునేవాడు. అక్క ఎంత మొత్తుకున్నా వినలేదు. "ఒప్పుకున్న బల్లు ఇచ్చీసి పడుకుంటానే," అనేవాడట.

ఇంజెక్షన్లు పడుతున్నా జ్వరం దిగలేదు. ఒక తెల్లవారుజామున లేచి నిలబడితే నాకు కళ్లు తిరిగాయి. విజయనగరంలోనే ఒక ఆసుపత్రిలో చేర్పించారు. ప్లేట్‌లెట్స్ పడిపోయాయన్నారు, లివర్ ఎంజైమ్స్ పెరిగాయన్నారు. అదే రోజు సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

"ఒరే తమ్ముడా, మీ బావకి ఊపిరందట్లేదురా. విశాఖ తీసుకొచ్చీసినాం. ఐసీయూలో పెట్టినారు."

ఆ మాట విన్నాక నా జ్వరం సంగతి మర్చిపోయాను. చేతికి సెలైన్ సూది, పక్కన స్టాండు. వెళ్లడానికి లేదు. మంచం మీద పడుకుని ఏడవడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

మర్నాడు పొద్దున్న రౌండ్స్‌కి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఫైలు చూసి, "పొలం పనికి వెళ్తారా?" అని అడిగింది.

"లేదు మేడమ్. చీరలమ్ముతాను."

ఆవిడ అంతటితో ఊరుకోలేదు. చంకలు చూసింది, మెడ చూసింది, లుంగీ కొంచెం కిందికి జరపమంది. నడుం దగ్గర ఆగింది. అక్కడ చిటికెన వేలి గోరంత నల్లటి పొక్కు. చుట్టూ ఎర్రగా ఉంది.

"ఇదేంటి?"

"బెల్టు ముద్ర మేడమ్. కొండెక్కుతాం కదా, బెల్టు ఒరుసుకుంటుంది."

"కొండా? ఎప్పుడు వెళ్లారు?"

చెప్పాను. అప్పటిదాకా నన్నెవరూ కొండ గురించి అడగలేదు. చీరలమ్మేవాడిని తుప్పల గురించి ఎవరడుగుతారు?

"రాపిడైతే మంట పుడుతుంది. దీన్ని నొక్కితే నొప్పి ఉందా?"

లేదు. అసలు లేదు. నాకే ఆశ్చర్యం వేసింది.

"దీన్ని ఎస్కార్ అంటారు. స్క్రబ్ టైఫస్ అయి ఉంటుంది. తుప్పల్లో, గడ్డిలో కంటికి కనపడని పురుగు ఉంటుంది. బట్ట బిగుతుగా ఉన్నచోట కుడుతుంది. మీకు వేస్తున్న ఇంజెక్షన్లు దీనికి పనిచేయవు. టెస్టుకి పంపుతాను, రిపోర్టు వచ్చేదాకా ఆగను, డాక్సీసైక్లిన్ ఇప్పుడే మొదలుపెడదాం."

ఆవిడ గుమ్మం దాటకముందే అక్కకి ఫోన్ చేశాను.

"అక్కా, బావ నడుం మీద నల్లటి పొక్కు ఉందా?"

"ఉన్నాది. బెల్టు ముద్రే కదరా. నాను రోజూ పసుపు నూనె రాస్తన్నాను."

"అది బెల్టు ముద్ర కాదే. డాక్టరుకి చూపించు. స్క్రబ్ టైఫస్ అని చెప్పు. గడ్డిలో తిరిగామని చెప్పు. పరిగెత్తు."

అక్క పరిగెత్తింది. వాళ్లూ వెంటనే మందు మొదలుపెట్టారు. అప్పటికే బావ వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఊపిరితిత్తులు పాడై ఏఆర్‌డీఎస్ అన్నారు, కిడ్నీలు దెబ్బతిని క్రియాటినిన్ పెరిగిందన్నారు, డయాలసిస్ అన్నారు. అక్కడి పెద్ద డాక్టరు అక్కతో, "మందు సరైనదేనమ్మా. లంగ్స్ అప్పటికే బాగా దెబ్బతిన్నాయి. చూద్దాం," అన్నాడట. ఆ చూద్దాం అన్న మాట పట్టుకుని అక్క ఐసీయూ బయట నేల మీద కూర్చుంది.

నాకు రెండో రోజుకే జ్వరం దిగింది. చెమటలు పట్టి, ఆకలి వేసి, ఇడ్లీ అడిగాను. నర్సు నవ్వింది. ఆ మధ్యాహ్నమే బావ పోయాడు. నాకు ఆకలి వేసినందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. ఆ కోపంలో అర్థం లేదని తెలుసు. అయినా వస్తుంది.

డిశ్చార్జి అయ్యాక జబ్బు పోయిందనుకున్నాను. అదీ అంత సులువుగా వదల్లేదు. నెలల తరబడి నీరసం. జుట్టు గుప్పెళ్లతో ఊడింది. ఎడమ చెవిలో ఈగ దూరినట్టు ఒకటే రొద. ఆ చెవి ఇప్పటికీ సగమే వినపడుతుంది, షాపులో బేరాలకి కుడిపక్క తిరిగి నిలబడతాను. రాతి అంచుని నాలుగు వేళ్లతో పట్టుకుని వేలాడినవాడిని, పచ్చడి సీసా మూత తిప్పలేకపోయాను. అప్పుడు వంటింట్లో నిలబడి బావని తలుచుకుని గట్టిగా ఏడ్చాను. ఆయనుంటే ఆ సీసా లాక్కుని, "ఇయ్యిరా ముసిలోడా," అనేవాడు.

నన్ను ఎక్కువ తినేసింది ఒకటే. అన్నేళ్లు ఒకరి బెల్టు ఒకరం పట్టి లాగి చూశాం. ముడి చూశాం, బకిలు చూశాం. ఆ బెల్టు కింద ఉన్న ఒంటిని ఇద్దరం చూశాం కూడా, చూసి నవ్వుకున్నాం. తోలు లేచిందో, పుండు పడిందో మాకు తేడా తెలియదు.

పోయిన ఎండాకాలం మొదట్లో అక్క ఉన్నట్టుండి, "ఆ రాయి నాకు సూపించు," అంది. అన్నేళ్లు తిట్టిన మనిషి ఒక్కసారీ చూడలేదు. గెడ్డ అడుగంటింది, ఊరివాళ్లు రాళ్లబాట మళ్లీ వేశారు. తుప్పల జోలికి పోకుండా నేరుగా వెళ్లాం. అక్క రాతిగోడ కింద చాలాసేపు నిలబడింది. "ఇంతెత్తా?" అంది. "ఇంతెత్తు నుంచి పడకుండా, గడ్డిలోన కూకుని తిన్నందుకు పోనాడేటిరా." ఇద్దరం రాయికి చేతులు ఆనించి ఏడ్చాం.

ఇంటికొచ్చాక కాళ్లు కడుక్కుంటుంటే అక్క పిలిచింది.

"సొక్కా ఇప్పు. వెనక్కి తిరుగు."

"నేరుగానే వెళ్లాం కదే. గడ్డి తొక్కలేదు."

"తిరగమన్నానా?"

తిరిగాను. మెడ నుంచి మొదలుపెట్టి చేత్తో తడుముతూ వచ్చింది. చంకల కింద చూసింది. నడుం దగ్గర చెయ్యి ఆగిపోయింది. అక్కడ పాత పొక్కు మానిన మచ్చ ఉంది.

"మీ బావకీ ఇక్కడేరా," అంది. కాసేపు చెయ్యి తియ్యలేదు. తర్వాత చొక్కా నా భుజం మీద వేసి, "సూసినాను," అంది.

రాయి దగ్గర బావ పెట్టిన మాట అది. అక్కకి ఎవరూ నేర్పలేదు.

ఇది రాస్తున్నానని తెలిసి మొన్న అక్క ఫోన్ చేసింది. ఏం రాశావని అడగలేదు. "ఇదొక్కటి తప్పకుండా రాయి," అంది. "కొండకో పొలానికో తుప్పలకో ఎల్లొచ్చినాక ఒకలి ఒల్లు ఒకలు సూసుకోండి అని రాయి. జొరం వస్తే డాక్టరు అడిగేదాకా కూకోకుండా, మేం గడ్డిలోన తిరిగినాం, ఒల్లంతా సూడండి అని మీరే సెప్పండి అని రాయి. నొప్పెట్టని నల్ల పొక్కుకి నూనె రాయొద్దని రాయి. నాను రాసినాను."

రాశానక్కా.