పేరెత్తకుండా సింహాన్ని చూడటం: నైరోబీ జాతీయ పార్కులో అమ్మతో ఒక పూట

గిద్దలూరు దాటాక నల్లమల అంచున ఉంటుంది మా ఊరు. అడవిలో తేనె తీసి, కుంకుడుకాయలు ఏరి అమ్మిన డబ్బుతోనే అమ్మ నన్ను చదివించింది. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే. ఇప్పుడు నైరోబీలో ఒక కంపెనీ లెక్కలు చూస్తున్నాను. నన్ను చూడటానికి వచ్చిన అమ్మ ఒకే ఒక్క కోరిక కోరింది: సింహాన్ని కళ్లారా చూడాలి. ఆమె తిరుగు విమానం మర్నాడే.

పార్కు గేటు నగరానికి దగ్గరే, ఉదయం ఆరింటికి తెరుస్తారు. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనాలి. అమ్మ టికెట్ ధరకు మా వైపు మంచి మేకపిల్ల వస్తుంది; ఆ సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు. మధ్యాహ్నం దాకా వ్యాను మాట్లాడాను. లోపల కనుచూపు మేర ఎండుగడ్డి, అక్కడక్కడ గొడుగుల్లాంటి తుమ్మచెట్లు, వెనక నగరపు మేడలు.

"ఇది అడివంటావా మేయ్? మన బీడు మాదిరుండాదే!" అంది అమ్మ.

డ్రైవర్ జోసెఫ్ "ఏం చూపించమంటారు?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ నా తొడ గిల్లింది. అడవిలో క్రూరమృగం పేరెత్తితే అది ఎదురొస్తుందని మా ఊరి నమ్మకం.

"ఎదురు రావాలనే కదమా వచ్చింది?"

"మనం దాన్ని చూడాల. అది మనల్ని చూడగూడదు."

"ఇంగ్లీషులో చెప్తాలే."

"ఏ బాసలో అన్నా దానికి తెలుస్తాది."

చేసేది లేక "మీ ఇష్టం" అన్నాను. ఏ మృగం పేరూ ఎత్తకపోయేసరికి అతను మమ్మల్ని పక్షిప్రేమికులనుకున్నాడు. ఉష్ట్రపక్షులు చూపించాడు. నీటిగుర్రాల మడుగు దగ్గర ఆపి, నీటిగుర్రాలను వదిలేసి కొంగల గురించి చెప్పాడు. దారిలో ఖడ్గమృగం కనబడితే అమ్మ "బర్రె మాదిరే ఉండాదిలే" అని తేల్చేసింది. పదకొండు దాటేసరికి ఆమె మొహం చిన్నబోయింది.

చివరికి ఆమే ముందుకు వంగి, జోసెఫ్ భుజం తట్టి, మొహం చుట్టూ వేళ్లు జూలులా విప్పి, పళ్లు బయటపెట్టి గుర్రుమంది. అతను అదిరిపడి బ్రేకు తొక్కాడు.

"సింహమా! ముందే చెప్పొచ్చుగా!" అని గట్టిగా అరిచాడు.

"అయ్యో, అనేసినాడు," అంది అమ్మ. "ఇతనికి పిల్లలుండారో ఏమో, పాపం."

పావుగంటలో సింహం దొరికింది. దారి పక్కనే పొట్ట పైకి పెట్టి వెల్లకిలా నిద్రపోతోంది. అమ్మ కొంగు మొహం నిండా కప్పుకుని, సందులోంచి ఒక్క కంటితో చాలాసేపు చూసింది. సింహం ఆవలించి, తలెత్తి, సూటిగా జోసెఫ్ వైపు చూసింది.

"చూసినావా? పేరెత్తినోడినే చూస్తా ఉండాది!" అంది అమ్మ, నా చెవిలో.

చదువుకున్నదాన్ని కదా, నవ్వాలి. నవ్వలేదు. నేనూ మొహానికి చున్నీ కప్పుకునే ఉన్నాను. ఎంత దూరం వచ్చినా అడవికి ఇవ్వాల్సిన మర్యాద అమ్మ దగ్గరే నేర్చుకున్నాను మరి. మీరూ మా వైపు పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే ఒక్క మాట: ఏ జంతువును చూడాలో డ్రైవర్‌కు గేటు బయటే చెప్పేయండి.